పాల క్యాన్ల పక్కన సీసా

చిట్టి తల్లి కాలవలో నడుం లోతు నీళ్లలో నిలబడి డెయిరీ ఆవుల్ని కడుగుతోంది. ఇంకా సగం ఆవులు గట్టు మీదే ఉన్నాయి. అంతలో చిట్టి ఏడుస్తూ వచ్చింది.

"అమ్మా, ఒంటికెళ్తే మళ్లీ ఎర్రగా వచ్చిందే. మంటగా ఉందే!"

తల్లి చేతిలో పీచు కాలవలో కొట్టుకుపోయినా చూసుకోలేదు.

"గట్టిగా అరవకే తల్లీ, నలుగురూ వింటారు!"

తొమ్మిదేళ్ల పిల్ల. ఇంత చిన్న వయసులో పెద్దమనిషైందంటే లోకం ఏమనుకుంటుందో, లోపల ఏ మాయరోగం ఉందోనని నెల్లాళ్లుగా ఆమె కంటికి కునుకు లేదు. కిందటి వారం సర్కారు ఆసుపత్రి ల్యాబు మేడమ్ పాకలకొచ్చి పిల్లలందరి మూత్రం పరీక్షకు అడిగితే, చిట్టి ఇంట్లో లేదని అబద్ధమాడి పంపేసింది.

తడిబట్టలతోనే పిల్లను పాకకు తీసుకొస్తుంటే, పక్క గుమ్మంలో పాలు పితికే వదిన కొడుకును దులిపేస్తోంది.

"చూడు వదినా, వీడు ఎర్రగా పోస్తున్నాడు! బీట్‌రూట్ తిన్నావేంట్రా అంటే, మనింట్లో అన్నానికే దిక్కులేదు బీట్‌రూటెక్కడిదే అంటాడు, గడుగ్గాయి!"

తల్లి ఆ గుమ్మం ముందే ఆగిపోయింది. "మగపిల్లాడికి కూడానా?"

"కూడా ఏంటి? ఇంకెవరికి?"

మగపిల్లాడికీ వచ్చిందంటే ఇది పెద్దమనిషి కావడం కాదు. తను నెల్లాళ్లు కడుపులో దాచుకున్నది పరువు కాదు, జబ్బు. చిట్టి చెయ్యి పట్టుకుని పాలగదికి పరుగెత్తింది.

అక్కడ క్యాన్ల మధ్య ఖాళీ సీసాల పెట్టె పెట్టుకుని ల్యాబు మేడమ్ డెయిరీ నడిపే అయ్యతో వాదిస్తోంది.

"మాత్రలిస్తాం సరే. మళ్లీ అదే నీళ్లలో దిగుతారుగా? కాలవ నత్తల్లో పెరిగిన పురుగు చర్మంలోంచి ఒంట్లోకి దూరుతుంది, దానివల్లే మూత్రంలో రక్తం పోతుంది. పిల్లల మూత్రంలో దొరికిన గుడ్లు కొన్ని మనుషుల పురుగు గుడ్లలా ఉన్నాయి, కొన్ని పశువుల పురుగు గుడ్లలా సాగి ఉన్నాయి. రెండు జాతులూ జతకట్టాయేమోనని మా అనుమానం."

"ఆ పెళ్లికి నన్ను పిలవలేదేంటమ్మా?" అయ్య నవ్వాడు. "మనుషుల పురుగు మనుషులది. నా ఆవుల జోలికి రాకండి."

"ఆకారం చూసి తేల్చలేం. జన్యుపరీక్ష చెయ్యాలి. బాగా రక్తం పోతున్న పిల్లల మూత్రం తాజాగా కావాలి. కలిసిన జాతే అని తేలితే మీ ఆవులకూ మందు వెయ్యాలి, కాలవలో దింపడం మానాలి."

"నా పాకల్లో అలాంటి పిల్లలెవరూ లేరు." అయ్య తల్లి వైపు తిరిగాడు. "ఏమే, ఉన్నారా?"

పాక అయ్యది. జీతంలో సగం దాని అద్దెకే పోతుంది. పని పోతే పాకా పోతుంది. తలదాచుకోవడానికి ఇంకో చోటు లేదు. అయినా ఆమె వంగి పెట్టెలోంచి ఒక సీసా తీసుకుని, పిల్లను గోడ చాటుకు తీసుకెళ్లింది.

తిరిగొచ్చి ఆ సీసాను పాల క్యాన్ల పక్కన పెట్టింది. తెల్లటి క్యాన్ల పక్కన అది మరీ ఎర్రగా కనపడింది.

"మా చిట్టిదయ్యా. అబద్ధమాడాను మేడమ్, ఆ రోజు పిల్ల ఇంట్లోనే ఉంది."

అయ్య ముఖం మాడిపోయింది. "ఆ సంగతి తర్వాత చూస్తా. ముందెళ్లి మిగిలిన ఆవుల్ని కడుగు."

"దిగనయ్యా." గొంతు సన్నగానే వచ్చింది. "నేనూ దిగను, నా పిల్లనీ దింపను."

చిట్టి తల్లి కొంగు పట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. గట్టు మీద కడగని ఆవొకటి, ఎవరూ తోలకుండానే, మెల్లగా కాలవలోకి దిగుతోంది.