వణకని చేతులు

నీలవేణి క్రేన్ క్యాబిన్‌లోంచి నిచ్చెన దిగి వచ్చేసరికి రైల్వే వర్క్‌షాపు షెడ్డులో అందరూ పనులాపి చూస్తున్నారు. ఆమె ఎత్తిన రైలుపెట్టె చక్రాల జత గాలిలోనే ఊగుతోంది. దాన్ని సగం దూరం తీసుకెళ్లాక చేతులు వణకడం మొదలుపెట్టి, చివరికి కొయ్యబారిపోయాయి. ఇక చేసేది లేక కరెంటు కట్టేసి దిగిపోయింది. కింద నిలబడి సైగలు చేసే జ్ఞానరత్నం పాత డ్రైవర్ని పైకి పంపి ఆ బరువు దింపించాడు.

"ఏటయ్యిందమ్మా?" అన్నాడు దగ్గరకొచ్చి.

"తెల్దు బాబాయ్. సేతులు నా మాట ఇన్లేదు."

సూపర్‌వైజరు కోప్పడలేదు. "ఠీక్ హై దీదీ. వచ్చే నెల టెస్టు. అప్పటికీ కాకపోతే హెల్పర్‌గానే ఉండండి," అన్నాడు హిందీలో. అది జాలో, తేల్చి చెప్పడమో ఆమె ఆలోచించలేదు. కొంతకాలంగా ఏ మాటా ఆమె లోపలిదాకా వెళ్లడం లేదు.

ఆమె భర్త వినోద్ ఆ వర్క్‌షాపులోనే వెల్డరు. నిరుడు వానాకాలంలో గుండెపోటుతో పోయాడు. అతని బదులు ఆమెకు హెల్పర్ ఉద్యోగం ఇచ్చారు. క్రేన్ నేర్చుకునేవాళ్లు కావాలంటే పేరిచ్చింది. ఎందుకిచ్చిందో ఆమెకే తెలియదు. ఎవరో అడిగారు, సరేనంది.

ఆ బెంగాలీ ఊళ్లో వాళ్లుండే పేట సుభాష్‌పల్లి. అక్కడ వాళ్ల పక్క వాటా ఏంజలిన్ ఆంటీది. నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆ సాయంత్రం నీలవేణి అత్త చిలకమ్మ నోట సంగతి విని, ఆమె తనే వచ్చి కూర్చుంది.

"కొత్తలో నేనూ అంతేనమ్మా. రక్తం సూస్తే కళ్లు తిరిగి పడిపోయేదాన్ని. పెద్ద నర్సమ్మ సెల్ఫ్ హిప్నాసిస్ నేర్పింది. మంత్రం కాదు, తంత్రం కాదు. మెలకువగా ఉండే మనసుని జోకొట్టడం, అంతే."

ఆంటీ చెప్పినట్టు నీలవేణి కళ్లు మూసుకుంది. పాదాల నుంచి మొదలుపెట్టి ఒళ్లంతా వదులు చేసుకుంది. బాగా తెలిసిన చోటొకటి తలచుకుని అందులో నడవమంటే, స్టేషన్ ప్లాట్‌ఫారం తలచుకుంది. నడిచేకొద్దీ జనం పలచబడ్డారు, టీ కేకలు ఆగిపోయాయి. ఆమె ఒక్కతే మిగిలింది.

"ఇప్పుడు నీ సేతులు వణకని రోజొకటి గుర్తు తెచ్చుకో. బాగా కనబడ్డాక బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కు. 'నా సేతులు నా మాట ఇంటాయి' అనుకో. రోజూ సేస్తే, తరవాత ఏలు నొక్కగానే ఆ దైర్యం వచ్చేస్తాది."

అలాంటి రోజు ఎంత వెదికినా తట్టలేదు. పెళ్లి గుర్తొచ్చింది, అక్కడ చేతులు వణికాయి. రోజూ కూర్చుంది, రోజూ ఖాళీ ప్లాట్‌ఫారమే. అలా ఉండగా ఒక సాయంత్రం అడక్కుండానే ఆసుపత్రి వసారా వచ్చింది.

డాక్టరు తల అడ్డంగా ఊపిన రోజది. ఆమె బెంగాలీలో తడబడకుండా మాట్లాడింది. కాగితాల మీద సంతకాలు పెట్టింది. అందరికీ ఫోన్లు చేసింది. వినోద్ చొక్కా బొత్తాలు సరిచేసి, తల దువ్వింది. చేతులు కాస్తయినా వణకలేదు.

నీలవేణి వేళ్లు కలిపి నొక్కింది.

"దొరికింది ఆంటీ," అంది మర్నాడు.

"మంచి రోజేనా?"

"సేతులు వణకలేదు," అని మాత్రం అంది.

టెస్టు రోజు క్యాబిన్ ఎక్కి కూర్చుని వేళ్లు నొక్కింది. వసారా వచ్చింది, ఫినాయిల్ వాసనతో సహా. చేతులు చల్లబడి నిలకడగా నిలిచాయి. జ్ఞానరత్నం సైగ చేశాడు. చక్రాల జత లేచింది, షెడ్డు పొడవునా సాగింది, పసిబిడ్డని ఉయ్యాల్లో వేసినట్టు పట్టాల మీద వాలింది. కింద చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు పక్కింట్లోది అన్నట్టు విందామె.

పాసయిన కబురు ఆమె కన్నా ముందే ఇల్లు చేరింది. చిలకమ్మ రసగుల్లాల కుండ తెప్పించి, ఏడుస్తూ, నవ్వుతూ గుమ్మంలోనే కోడలి నోట్లో ఒకటి పెట్టింది. నీలవేణి నమిలి మింగింది. తీపి తెలిసింది, అంతే.

"సంతోసం నేదేటే నీకు?"

నీలవేణి గడప మీద కూర్చుని, ఏ రోజుని పట్టుకుని క్రేన్ నడిపిందో చెప్పింది. ఊళ్లో ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. చిలకమ్మ కుండ మీద మూత పెట్టి పక్కనే చతికిలబడింది. కొడుకు చొక్కా బొత్తాల మాట వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రోజూ ఆ రోజులోకే ఎల్లొస్తావేటే?" అంది.

"ఇంకోటి కనబడ్లేదు అత్తా."

"కనబడకపోడమేటి? నువ్వు కాపరానికొచ్చిన కొత్తలో ఖరిదా బజార్లో ఎద్దు నా మీదకొస్తే, దాని మొగం మీద గొడుగు టప్పున ఇప్పినావు కాదా! బెదిరి ఎనక్కి తిరిగి పోయింది. మావోడు మిఠాయి కొట్టు అరుగెక్కి, 'అమ్మా, అమ్మా' అని ఒకటే అరుపు. ఇంటికొచ్చేదాకా నువ్వు నవ్వుతానే ఉన్నావు."

నీలవేణికి ఎద్దు గుర్తు లేదు. "నిజంగానా?" అంది.

"అబద్దమెందుకాడతాను? నీలం గొడుగు."

నీలవేణి కళ్లు మూసుకుంది. ప్లాట్‌ఫారం వచ్చింది, దాని వెనకే వసారా వచ్చింది. ఎద్దు రాలేదు, గొడుగు రాలేదు. అరుగెక్కిన వినోద్ ఎలా ఉండి ఉంటాడో ఊహించబోతే ముఖం కుదరలేదు. పంచె కట్టాడా, ప్యాంటా అని అడుగుదామనుకుని ఆగింది.

"వచ్చిందేటే?"

"లేదు."

చిలకమ్మ ఆమె చేయి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. తీయాలనీ అనిపించలేదు, ఉంచాలనీ అనిపించలేదు. ఉంచింది.

"రేపు మళ్లీ సెప్పు అత్తా," అంది.

"సెప్తాను. రోజూ సెప్తాను," అంది చిలకమ్మ.