శ్రీలలిత పడవ నడుపుతుంది

బుడమేరు వాగు పొంగి ఊరి మీదికి వచ్చిన ఏడు అది. సింగ్‌నగర్‌లో మనిషెత్తు నీళ్లు నిలిచి, వారం దాటినా తియ్యలేదు. ఆ నీళ్లలో పోయినవాటిలో ఒక గోడౌనూ, దాని పక్కన ప్రెస్సువాళ్ల డీటీపీ గదీ ఉన్నాయి. అనంతకృష్ణ గారి ఇంగ్లీషు గ్రామర్ గైడ్లు అందులోనే ఉండేవి. కట్టలకు కట్టలు నాని, ఉబ్బి, ఒకదాన్నొకటి తోసుకుని ముద్దలయ్యాయి. కంప్యూటర్ బురద తాగింది.

పటమటలో ఆయన ఇంటికి మాత్రం నీళ్లు రాలేదు. వరద తీశాక ఒక పొద్దున ఆయన భార్య రమాసుందరి చాపేసుకుని గోంగూర వలుస్తుంటే, హుమాయూన్ మెట్లెక్కి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. ఆయన ప్రెస్సులో మిషన్ మనిషి. చదువు మూడో తరగతితో సరి. మాట బహు పొదుపు. గుడ్డలో చుట్టిన పుస్తకం ఒకటి గడప మీద పెట్టాడు.

"ఒక్కటే మిగిలిందమ్మా. అటక మీద ఉండబట్టి తడిసినా బతికింది. డాబా మీద ఇటికలు పెట్టి ఆరబెట్టా."

హాల్లోంచి అనంతకృష్ణ పేపరు దించి చూశాడు. ఆయన జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. "ఒకటి ఉంటే చాల్లేవయ్యా," అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "పాతదే కదా రమా, చూసి మళ్లీ రాసేస్తే సరిపోదూ? దీపావళి లోపు అయిపోతుందా?"

రమాసుందరి గోంగూర కాడలు ఒక పక్కకు నెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, పుస్తకం అందుకుంది.

ఇరవై మూడేళ్ల కాపురంలో అనంతకృష్ణ ఆమెను ఇది చెయ్యి, అది చెయ్యి అని ఒక్కనాడూ అనలేదు. మా ఇంట్లో ఆజ్ఞలుండవండీ అని నలుగురిలో చెప్పుకుంటాడు కూడా. నిజమే మరి. కాఫీ అయిందా, అంటాడు. తువ్వాలు ఎక్కడుంది, అంటాడు. ఈ చొక్కా ఇస్త్రీ అయినట్టు లేదే, అంటాడు. అన్నీ అడగడమే. అడిగినదానికి మనుషులు నోటితో జవాబు చెబుతారు. రమాసుందరి కాళ్లతో, చేతులతో చెబుతూ వచ్చింది. అత్తగారు సంపూర్ణమ్మ తీరు వేరు. ఆవిడ అడగదు, ఆశ్చర్యపోతుంది. పప్పుగిన్నెలోకి వంగి చూసి, "ఆహా, ఏం పప్పే తల్లీ, అద్దంలో మొహం చూసుకున్నట్టుంది," అంటుంది.

ఆ పప్పు గైడులోకి ఎక్కింది. ఎక్స్‌క్లమేటరీ సెంటెన్సుకి ఉదాహరణ కావలసి వచ్చినప్పుడు రమాసుందరికి వెతుక్కునే పని ఉండేది కాదు. 'ఎంత పలచటి పప్పు' అని ఇంగ్లీషులో రాసి, కింద తెలుగులో అర్థం రాసేది. ఉయ్యూరులో, కంకిపాడులో, గుడివాడలో పిల్లలు పంతొమ్మిదేళ్లుగా ఆ పప్పును బట్టీ పడుతున్నారు.

మొదటి ఏడు ప్రెస్సు ఓనరు కిరీటి గైడు రాసిపెట్టమని అడిగింది అనంతకృష్ణనే. ఆయనకు పేపర్లు దిద్దడంతోనే సరిపోయేది. "నువ్వు బి.ఏ.లో స్పెషల్ ఇంగ్లీషేగా, కాస్త పాయింట్లు రాసి పెట్టకూడదూ? నేను చూస్తాలే," అన్నాడు. ఆమె రాసింది. ఆయన చూడలేదు. పుస్తకమంతా ఆమె రాసిందే, అట్ట మీద పేరు మాత్రం బి. అనంతకృష్ణ, ఎం.ఏ. ఆఖరి ప్రూఫు వచ్చిన రోజున ఆయన గుంటూరులో వాల్యుయేషన్లో ఉన్నాడు. ప్రింట్ ఆర్డర్ అని రాసి సంతకం పెడితే గానీ ప్రెస్సులో మిషన్ కదలదు. హుమాయూన్ ఎండలో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఫోను చేస్తే, "నా సంతకం నువ్వు పెట్టెయ్యలేవూ? ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. చిత్తుకాగితం మీద పదిసార్లు రాసి, పెద్ద 'ఏ' కి తోక చుట్టడం నేర్చుకుంది. ఏటా ఆమే పెడుతోంది. ఇప్పుడు ఆయన సంతకం ఆయనకంటే ఆమెకే బాగా వస్తుంది.

ప్రెస్సులో ఇంకో ఆనవాయితీ ఉంది. మిషన్ మీంచి దిగిన మొదటి ఫారం, అంటే పదహారు పేజీలు పట్టే పెద్ద కాగితం, సిరా ఆరకముందే రాసినవాళ్ల చేతికి ఇవ్వాలి. ఏటా హుమాయూన్ దాన్ని రెండు చేతుల మీద పరుచుకుని తెచ్చి అనంతకృష్ణకు అందిస్తాడు. ఆయన పేరు చూసుకుని సోఫా మీద పడేస్తాడు. నాలుగు రోజులు పోయాక రమాసుందరి దాన్ని చింపి, వంటింటి అరల్లో పప్పుల డబ్బాల కింద వేసుకుంటుంది.

మధ్యాహ్నాలు రాయడానికి కూర్చుంది. వంటిల్లు సర్దుకున్నాక, అత్తగారు నడుం వాల్చాక, సాయంత్రం టీ వేళకు ముందు దొరికే ఆ కాస్త జాగాలో. ఫ్యాను తిరుగుతుంటే ఆ బతికిన పుస్తకంలోంచి బురద వాసన, ఏదో నీటిమొక్క వాసన వచ్చేవి. సిరా అలుక్కుపోయి అక్షరాలు నీళ్లలో తేలుతున్నట్టుండేవి. మొదటి పాఠం వాక్యాల రకాలు. పేజీ తిప్పగానే శ్రీలలిత కనిపించింది.

మొదటి ఏడు మొదటి వాక్యానికి ఒక పేరు కావలసి వచ్చింది. అన్ని గైడ్లలోనూ రవి బడికి వెళతాడు, సీత బియ్యం కడుగుతుంది. ఆమెకు అది రాయబుద్ధి కాలేదు. చిన్నప్పుడు పామర్రులో అన్నయ్యకు కొత్త పుస్తకాలు కొనేవారు, ఆమెకు ఎవరో చదివేసినవి తెచ్చేవారు. తొమ్మిదో తరగతి ఇంగ్లీషు రీడరు అట్ట లోపల ఊదారంగు సిరాతో ఒక పేరు ఉంది, శ్రీలలిత అని. ఆ పిల్లను రమాసుందరి ఎన్నడూ చూడలేదు. ఆ పేరు కొట్టేసి తన పేరు రాసుకోబుద్ధి కాక, ఏడాదంతా ఆ పుస్తకాన్ని ఆ పిల్ల పేరుతోనే చదివింది. గైడు రాయబోతే కలం కొసకు ఆ పేరే వచ్చింది. అసర్టివ్ సెంటెన్స్: శ్రీలలిత పడవ నడుపుతుంది. ఇంటరాగేటివ్: శ్రీలలిత పడవ నడుపుతుందా? అక్కడ మొదలైంది. తర్వాత ఏటేటా కొత్త ముద్రణకు ఆ పిల్లకు ఏదో ఒకటి ఇస్తూ పోయింది. శ్రీలలిత హంసలదీవి వెళ్లి సముద్రం చూసింది. శ్రీలలిత గన్నవరంలో విమానం ఎక్కింది. శ్రీలలిత హోటల్లో ఒక్కతే కూర్చుని రెండు దోసెలు తిన్నది. వాన వస్తున్నా శ్రీలలిత బయలుదేరింది. శ్రీలలిత మధ్యాహ్నం నిద్రపోయింది, ఎవరూ లేపలేదు. గన్నవరం విమానాలను రమాసుందరి బస్సు కిటికీలోంచి చూడటమే. అయినా ఆ వాక్యాలు రాస్తున్నంతసేపూ గాలి ఎక్కడో ఎత్తు నుంచి వచ్చి మొహానికి తగిలేది. ఇప్పుడు మళ్లీ అవన్నీ కొత్త కాగితాల మీదికి ఎక్కిస్తుంటే, పటమట సందులోకి నీళ్లు వచ్చినట్టూ, స్కూటర్ల మీదుగా, ఆరేసిన చీరల కిందుగా ఒక పడవ చప్పుడు లేకుండా పోతున్నట్టూ అనిపించేది. టీ పెట్టలేదా అని హాల్లోంచి గొంతు వచ్చేదాకా ఆ నీళ్లు తియ్యవు.

రాసిన కాగితాలు వారానికోసారి హుమాయూన్ వచ్చి తీసుకెళ్లేవాడు. మూడోసారి వచ్చినప్పుడు, కాగితాలు సంచిలో పెట్టుకున్నాక కూడా కదల్లేదు.

"ఆ శ్రీలలిత ఎక్కడుంటదమ్మా?"

రమాసుందరి తలెత్తి చూసింది. "ఏం భాయీ?"

"మా మనవరాలు ఆస్రా అడిగింది. ఆరో తరగతి. ఈ గైడే చదువుద్ది. వరదప్పుడు మూడు రోజులు డాబా మీదున్నాం గదా. నాలుగో నాడు పడవొచ్చింది. అందరూ పాలపాకెట్లకి చేతులు చాపుతుంటే, ఈ పిల్ల పడవలోకి తొంగి తొంగి చూసింది. శ్రీలలిత రాలేదా తాతా, అంది."

"మీరేం చెప్పారు?"

"రాసినోళ్లని అడిగి చెప్తానన్నా."

అంతే. సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగాడు. ఆయన సందు మలుపు తిరిగాక గానీ రమాసుందరికి తట్టలేదు. అనంతకృష్ణ పక్కనే హాల్లో కూర్చుని ఉన్నాడు. హుమాయూన్ ఆయన్ను అడగలేదు.

పని ఆఖరికి వచ్చిన ఆదివారం అనంతకృష్ణ హుషారుగా భోజనానికి కూర్చున్నాడు.

"కిరీటి ఫోను చేశాడు రమా. ఇది ఇరవయ్యో ముద్రణ అట. వెనకట్ట మీద నా ఫొటో వేస్తాడట. ముందుమాట కూడా ఉంటే నిండుగా ఉంటుందంటున్నాడు. ఓ పేజీ నువ్వే రాసెయ్యకూడదూ? చివర్లో నీ గురించి కూడా ఒక లైను వేసుకో. నేనేం అనుకోను."

"వేసుకోవే, వేసుకో," అంది సంపూర్ణమ్మ. "వేళకు కాఫీ ఇచ్చిందని వేసుకో. ఎంత అదృష్టం, అచ్చులో పేరు పడుతోంది."

"పేరెందుకమ్మా, శ్రీమతి అంటే చాలదూ?" అన్నాడు అనంతకృష్ణ.

రమాసుందరి ఆయన విస్తట్లో అన్నం వడ్డించింది. గరిటె గిన్నెలో పెట్టింది. "అట్ట మీద నా పేరు వేయిద్దామండీ," అంది.

ఆయన నవ్వాడు. కోపంగా కాదు, చిన్నపిల్ల చందమామను అడిగితే నవ్వినట్టు. "నీ పేరు చూసి ఎవరు కొంటారు రమా? పక్కన ఎం.ఏ. ఉండొద్దూ? అయినా నీది నాది అని మన మధ్య ఎప్పుడైనా ఉందా?"

"ఇంట్లో ఒక పంతులుతోనే వేగలేక చస్తున్నాం," అంది సంపూర్ణమ్మ.

"పెరుగు లేదా?" అన్నాడు అనంతకృష్ణ.

నీది నాది అని లేనప్పుడు నాది వేస్తే ఏం పోయింది, అని ఆమె పెరుగు గిన్నె తేవడానికి వెళుతూ అనుకుంది. వంటింట్లో అర తెరిస్తే పప్పుల డబ్బాల కింద నిరుటి ఫారం కనిపించింది. కందిపప్పు డబ్బా అడుగు గుండ్రంగా ముద్ర పడి, ఆ గుండ్రం లోపల శ్రీలలిత రెండు దోసెలు తింటోంది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. పెరుగుకు ఇంకోసారి పిలుపు వచ్చింది.

ఆ మధ్యాహ్నం ముందుమాట రాసింది. 'ఈ పుస్తకం రాస్తున్న ఇన్నేళ్లూ వేళకు కాఫీ అందించి సహకరించిన నా శ్రీమతికి కృతజ్ఞతలు.' రాసి, చదువుకుంది. పుస్తకం రాసింది తను. కాఫీ కలిపింది తను. కృతజ్ఞత చెబుతున్నదీ తనే. మరి ఈ 'నా' అన్నది ఎవరు? ఈ వాక్యంలో తను మూడుచోట్ల ఉండి కూడా ఎక్కడా లేదు. ఇన్నేళ్లుగా శ్రీలలితకు సముద్రం ఇచ్చింది, విమానం ఇచ్చింది, ఎవరూ లేపని నిద్ర ఇచ్చింది. ఎక్కడుంటదమ్మా అని ఒక పిల్ల నీళ్లలోకి తొంగి చూసి అడిగితే, చెప్పడానికి తనకొక చిరునామా లేదు.

ఆఖరి ప్రూఫు గురువారం పొద్దున పదకొండింటికి వచ్చింది. అనంతకృష్ణ కాలేజీలో ఉన్నాడు. హుమాయూన్ ఎప్పటిలాగే మెట్ల మీద కూర్చున్నాడు. రమాసుందరి బల్ల మీద కాగితాలు పరిచింది. ముందుమాట పేజీకి ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టింది. పేరున్న పేజీ తీసింది. బి. అనంతకృష్ణ, ఎం.ఏ. అన్నదాని మీద కూడా ఒక గీత గీసింది, అడ్డంగా, తిన్నగా. పైన రాసింది: రమాసుందరి, బి.ఏ. ప్రింట్ ఆర్డర్ దగ్గర చెయ్యి అలవాటు కొద్దీ ఆ పెద్ద 'ఏ' వైపు పోబోయింది. ఆపింది. తన సంతకం ఎలా ఉంటుందో ఒక్క క్షణం గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. తెలుగులో, బళ్లో రాసుకున్నట్టు గుండ్రంగా, పేరంతా రాసింది.

హుమాయూన్ కాగితం చూశాడు. కళ్లద్దాలు పైకి తోసుకుని మళ్లీ చూశాడు. సంచిలో పెట్టుకున్నాడు. "వస్తానమ్మా," అన్నాడు.

తలుపు దగ్గరికి వేసి ఆమె పడుకుంది. చాలాకాలానికి మధ్యాహ్నం నిద్ర పట్టింది. ఎవరూ లేపలేదు. లేపారేమో, ఆమె లేవలేదు. నిద్రలో సందు నిండా నీళ్లు, తేరిన నీళ్లు, అడుగున రోడ్డు కనిపిస్తోంది. పడవ ముందు భాగంలో ఒక పిల్ల కూర్చుని తెడ్డు వేస్తోంది. జడ మాత్రమే కనిపిస్తోంది. "నీ పుస్తకం మీద నీ పేరు కొట్టెయ్యలేదు నేను," అంది రమాసుందరి. "కిందన చోటుంది కదా," అంది ఆ పిల్ల, వెనక్కి తిరక్కుండానే. "నీది కూడా రాసుకోవలసింది."

సాయంత్రం అనంతకృష్ణ చెప్పులు విప్పుతూ అడిగాడు. "ప్రూఫు పోయిందా?"

"పోయింది."

"సంతకం పెట్టావుగా?"

"పెట్టాను."

ఎవరిది అని ఆయన అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆమె సిద్ధంగానే ఉంది.

మర్నాడు పొద్దున ఏడింటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. రమాసుందరి కాఫీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. హుమాయూన్ వచ్చాడు, మొదటి ఫారం రెండు చేతుల మీద పరుచుకుని. అనంతకృష్ణ పేపరు పక్కన పడేసి గుమ్మం దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు.

"అప్పుడే మిషన్ ఎక్కించారా? కిరీటి చూశాడా?"

"చూశారు సార్. సంతకం ఎవరిదని అడిగారు."

"ఎవరిదేంటయ్యా?"

"ఎప్పుడూ పెట్టేవాళ్లదేనండీ, అన్నా. అయితే కానీమన్నారు."

రమాసుందరి కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టేసింది. ఇన్నేళ్లలో ఎన్నడూ గడప దాటని హుమాయూన్ చెప్పులు విప్పాడు. అనంతకృష్ణ చాపిన చేతి పక్కనుంచి లోపలికి నడిచి వచ్చి, సిరా ఆరని ఆ కాగితాన్ని ఆమె రెండు చేతుల మీద పరిచాడు.