ఇంట్లో ఎవరికీ తెలియని ప్రశ్న

మా కోడలు పాలు పొంగబెట్టి ఎరగదు. స్టవ్ మీద గిన్నె పెట్టి, అటు బట్టలు ఆరేసి, ఇటు పిల్లకి జడ వేసి, పాలు సరిగ్గా అంచు దాకా వచ్చేసరికి మంట తగ్గించడానికి సిద్ధంగా నిలబడి ఉంటుంది. అలాంటి మనిషి ఒకే మధ్యాహ్నం ఐదుసార్లు పాలు పొంగబెట్టింది. అదీ మొదటిది తప్ప అన్నీ కావాలని. నా మాటల్లో నిజం పావు వంతేనని మావాళ్లు ఆడిపోసుకుంటారు గానీ, ఇది మాత్రం పదహారణాలా జరిగింది.

మా అబ్బాయికి బదిలీ అయి కొత్త ఊరొచ్చాం. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వంటింటి కిటికీలోంచి చూస్తే బడి గేటు కనిపిస్తుంది. మనవరాలికి ఎనిమిదేళ్లు. అలికిడి లేకుండా తిరుగుతుందని నేను గువ్వ అంటాను. పాత బడిలో దానిదెప్పుడూ మొదటి ర్యాంకే. ఏ పేజీ అడిగినా గడగడా అప్పజెప్పేది. అందులో సగం ర్యాంకు వాళ్లమ్మది. కోడలు ఉద్యోగం మానుకుని ఇంటిపట్టునే ఉంది. సాయంత్రం నాలుగయ్యేసరికి వంటింటి బల్ల మీద పుస్తకం తెరిచేది. కుక్కర్ మూడు కూతలు వేసేలోగా ఒక పాఠం పూర్తి.

ఈ కొత్త బడి తీరే వేరు. ర్యాంకులు లేవు, అప్పజెప్పడాలు లేవు, బెత్తం అసలే లేదు. బెత్తం లేని బడి చూసి నాకు బెంగ పట్టుకుంది. మా పంతులుగారి బెత్తం ఎంత పొడుగంటే, ఆయన కుర్చీలోంచి లేవకుండానే ఆఖరి వరసలో వాడి వీపు గోకేవారు. బడి ఎగ్గొట్టి మామిడితోటకి పోతే, బెత్తం కిటికీలోంచి బయటికొచ్చి, మలుపు తిరిగి మరీ మమ్మల్ని వెతుక్కునేది. నమ్మకపోతే మీ ఖర్మ.

ఇక్కడ వాళ్లు అడిగేది ఒక్కటే. ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో పిల్లలు ఒక్కొక్కరూ లేచి ఒక ప్రశ్న అడగాలి. గువ్వ వరసగా నాలుగు శుక్రవారాలు లేచి నిలబడింది, కూర్చుంది. నోరు మాత్రం విప్పలేదు.

టీచరమ్మ కోడల్ని పిలిపించి మెత్తగానే చెప్పింది. "పిల్లకి తెలివి లేదనడం లేదండీ. అడగడం అలవాటు లేదంతే. ఈ నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ మాట్లాడకపోతే ఒక తరగతి కింద కూర్చోబెడితే దానికే తేలిగ్గా ఉంటుందేమో."

మొదటి ర్యాంకు పిల్లని కింది తరగతిలోనా! కోడలు ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు కొంగు బిగించింది.

"అడగడమేగా! ఎలా అడగదో నేనూ చూస్తాను మామయ్యా" అంది.

కొత్త నోటుబుక్కు తీసి ఇరవై ప్రశ్నలు రాసింది. అలవాటు కొద్దీ ప్రతి ప్రశ్న కిందా ఎర్ర గీత కొట్టి జవాబు కూడా రాసింది. కుక్కర్ కూతల మధ్య పిల్లకి అన్నీ కంఠతా పట్టించింది. ఆ శుక్రవారం గువ్వ లేచి, చేతులు కట్టుకుని, ఊపిరి తీసుకోకుండా "చంద్రుడికి వెలుగు ఎక్కడిది చంద్రుడికి వెలుగు సూర్యుడి నుంచి వచ్చును" అని చెప్పి కూర్చుందట. క్లాసంతా గొల్లున నవ్వారట.

టీచరమ్మ డైరీలో రాసి పంపింది. 'జవాబు తెలిసిన ప్రశ్న వద్దు. ఇంట్లో ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న తీసుకురావాలి. వచ్చే శుక్రవారం పెద్దవాళ్లు కూడా వచ్చి వెనక కూర్చోవచ్చు.'

కోడలు డైరీ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "చూశారా మామయ్యా? ఇంట్లో ఎవరికీ తెలియదట! పొద్దస్తమానం ఇంట్లో ఉండేది నేనేగా. అంటే నాకేమీ రాదని పదిమందిలో దీని చేత చెప్పించుకోవాలా?"

"నన్నూ లెక్కలో వేసుకోవమ్మా. నాకు తెలియనివి బోలెడు."

"మీకు తెలియనిదేముంది? తెలియకపోతే అప్పటికప్పుడు కల్పిస్తారు."

నెలకి మిగిలింది ఆ ఒక్క శుక్రవారమే. బుధవారం మధ్యాహ్నం గువ్వ బడి నుంచి వచ్చి బల్ల దగ్గర కూలబడింది. కోడలు ఒక పొయ్యి మీద పాలు, రెండో పొయ్యి మీద నీళ్లు పెట్టి, బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్తూ "పాలు చూస్తుండండి మామయ్యా" అంది. చూస్తూ ఊరికే కూర్చోవడం నా వల్ల అవుతుందా?

"గువ్వా, మా మేనత్తకి ఒక గేదె ఉండేది. అది ఒక పూట ఇచ్చే పాలు కాచాలంటే ఊళ్లో గిన్నెలు చాలవు. ఒకరోజు మేనత్త కట్టెల పొయ్యి మీద గంగాళం ఎక్కించి కునుకు తీసింది. ఇక చూస్కో! పాలు పొంగి, గడప దాటి, వీధి దాటి, బడి మెట్లెక్కాయి. మా పంతులుగారు బల్ల తిరగేసి తెడ్డేసుకుంటూ ఇంటికెళ్లారు."

గువ్వ నవ్వలేదు. రెండు పొయ్యిలకేసీ మార్చి మార్చి చూస్తోంది. నీళ్లు కుతకుత మరుగుతున్నాయి గానీ ఉన్నచోటే ఎగురుతున్నాయి. పాలు మాత్రం నురగ కట్టి గిన్నె అంచుకి పాకుతున్నాయి.

"తాతయ్యా, పాలే ఎందుకు పొంగుతాయి? నీళ్లెందుకు పొంగవు?"

బాల్కనీలోంచి కోడలు పరుగున వచ్చింది. నోట్లో బట్టల క్లిప్పు, చేతిలో తువ్వాలు. క్లిప్పు తీసి, "ఎందుకేమిటి తల్లీ, ఎందుకంటే... పాలు కదా..." అని ఆగిపోయింది. ఆ ఆగడంలో పాలు పొంగి, స్టవ్ నిండా కారి, మంట ఆరిపోయింది. ఆవిడ చేతిలో పాలు పొంగడం నేను చూడటం అదే మొదలు.

"ఇన్నేళ్లుగా కాస్తున్నాను. ఎందుకో నాకూ తెలియదే!" అని తనలో తనే అనుకుంది. వెంటనే తేరుకుని, "నా ఫోను చూశారా మామయ్యా? ఒక్క నిమిషంలో జవాబు చెప్తాను."

"చూశాను."

"ఎక్కడ?"

"చూశానన్నాను గానీ చెప్తానన్నానా?"

ఫోను మీదే నేను కూర్చున్నాను. గుచ్చుకుంటోంది కూడా. అయినా కదల్లేదు.

"జవాబు తెలిస్తే ప్రశ్న చెల్లదుగా అమ్మా!" అంది గువ్వ. వాళ్లమ్మకి అది ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి.

కోడలు పిల్లని చూసింది, స్టవ్‌ని చూసింది. తర్వాత చీర కుచ్చిళ్లు దోపుకుంది. "సరే, వెడల్పు గిన్నెలో ఏమవుతుందో చూద్దామా?"

వెడల్పు గిన్నెలో పాలు నెమ్మదిగా పొంగాయి. గరిటె అడ్డం పెడితే ఆలస్యం చేశాయి గానీ, పొంగడం మానలేదు. సగానికి సగం నీళ్లు కలిపినా పొంగాయి. మీగడ తీసేసి పెడితే, మళ్లీ పల్చగా తెట్టు కట్టుకుని దాన్ని నెత్తిన ఎత్తుకుని మరీ పొంగాయి. వట్టి నీళ్లు ఎంతసేపు మరిగించినా అంగుళం పైకి రాలేదు.

"అదిగో, ఆ తెట్టు కింద ఏదో ఇరుక్కుంటోందే!" అని కోడలు గిన్నెలోకి వంగింది. గువ్వ స్టూలెక్కి తనూ వంగింది. ఇద్దరి నుదుళ్లూ చెమటతో తడిశాయి. ఇల్లంతా మాడువాసన. సాయంత్రం మా అబ్బాయి వచ్చి గుమ్మంలోనే ముక్కు మూసుకుని, "ఏమైంది?" అన్నాడు.

"మాకు తెలియదు" అన్నారు తల్లీకూతుళ్లు ఒక్కసారే.

శుక్రవారం నేనూ వెళ్లాను. పెద్దవాళ్లని చిన్నపిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టారు. నా మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి. గువ్వ వంతు వచ్చింది. లేచింది. చేతులు కట్టుకోబోయి మానేసింది. పక్కన కోడలు నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"మరిగితే పాలు పొంగుతాయి కదా, నీళ్లెందుకు పొంగవు?"

"ఇంట్లో ఎవరిని అడిగావమ్మా?" అంది టీచరమ్మ.

గువ్వ వెనక్కి తిరిగి వాళ్లమ్మని చూసింది. చెప్పమంటావా అన్నట్టు చూసింది. కోడలు చెంపలు ఎర్రబడ్డాయి. లేచి నిలబడింది.

"నన్నడిగిందండీ. నాకు తెలియదు. ఐదుసార్లు పొంగబెట్టి చూశాం. ఇంకా తెలియలేదు."

ఎవరూ నవ్వలేదు. ముందు కుర్చీలో ఒక తల్లి వెనక్కి తిరిగి, "గరిటె పెట్టి చూశారా?" అంది.

"పెట్టాం. ఆలస్యం చేస్తాయంతే."

"చూశారా, గరిటె పెడితే పొంగనే పొంగవంటారు మా అత్తగారు!" అంది ఇంకో ఆవిడ.

పిల్లల పీరియడ్ కాస్తా తల్లుల పీరియడ్ అయిపోయింది. టీచరమ్మ బల్ల మీద కొట్టి, "ఆగండాగండి, నాకూ తెలియదు. సోమవారం ఇక్కడే స్టవ్ పెడదాం. గిన్నెలు మాత్రం ఈ పిల్లే తెస్తుంది" అంది. కింది తరగతి మాట ఆవిడా ఎత్తలేదు, మేమూ గుర్తు చెయ్యలేదు.

ఇంటికొచ్చే దారిలో గువ్వ నా వేలు పట్టుకుని నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగింది.

"తాతయ్యా, మొన్న మన పాలు పొంగినప్పుడు మంట ఆరిపోయింది కదా?"

"అవును."

"మరి మీ మేనత్త పొయ్యి ఆరిపోలేదా? మంట లేకుండా పాలు బడి దాకా ఎలా పొంగాయి?"

కోడలు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. డెబ్బై ఏళ్లుగా అతికిస్తున్నాను, ఒక్కడూ ఈ మాట అడగలేదు. ఏదో ఒకటి కల్పిద్దామని నోరు తెరిచి, "నాకూ తెలియదు గువ్వా" అనేశాను.

"ఇంట్లో ఎవరికీ తెలియదే!" అంది గువ్వ. "వచ్చే శుక్రవారానికి ఇదే అడుగుతాను."