మందకు ముందర

"ఇరువై మందికి రెండు పూటల రొట్టెలు. మాడినయి కట్టిస్తే నా పరువు పోతది" అని మా ఆయన కట్టయ్య గడప అవతలి నుంచే చెప్పి పోయాడు. నేను అప్పటికే యాభయ్యో జొన్నరొట్టె తడుతున్నాను. పరువు ఆయనది, కాలేవి నా చేతులు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. వరంగల్‌కు ఆమడ దూరంలోని మా ఊళ్లో, మా మామ పోయినప్పటి నుంచి ఎండాకాలం పశువులను పాకాల అడవికి తోలడం ఆగిపోయింది. ఈ ఏడు పెద్దల పేరు నిలబెట్టాలని, కూలి అడగకుండా వచ్చేవాళ్లను ఊరూరా తిరిగి పోగుచేశాడు మా ఆయన. మంచిదే. నన్ను మాత్రం పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. పెళ్లికి ముందు ఏటేటా మా నాయన వెంట ఆ దారి నడిచినదాన్ని. ఏ వాగులో ఇసుక తోడితే నీళ్లు ఊరతాయో నాకు తెలుసు. "నేను సుత వస్త" అంటే మా అత్త సమ్మమ్మ గయ్యిమంది: "మంద ముంగట ఆడది నడుస్తదా? అరిష్టం!" పాలు పిండేటప్పుడు, పేడ ఎత్తేటప్పుడు, చూడి ఆవు ఈనేటప్పుడు రాని అరిష్టం అడవి దారిలోనే కాచుకొని కూర్చుందన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది.

తెల్లారి డప్పులు మోగాయి. ఇరవై మంది మగవాళ్లు వెనక నుంచి కర్రలతో అదిలించారు. మంద కదల్లేదు. ముందు మా నల్లావు అడుగేస్తేనే మిగతావి వేస్తాయి. అదేమో తనకు ఎరుకైన మనిషి ముందు నడిస్తేనే కదులుతుంది. కొట్టంలో దాన్ని ఒక్కనాడూ తాకనివాళ్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? కట్టయ్యకు చెమటలు పట్టాయి. చివరికి నా దగ్గరికే వచ్చాడు.

"ఏమే, జర పిలువరాదే. పొలిమేర దాంక వచ్చి మర్లిపో."

పిండి చేతులు కొంగుకు తుడుచుకొని, గోడకు ఆనించిన మా మామ కర్ర అందుకొని మంద ముందు నిలబడ్డాను. "దా, నల్లా, దా!" నల్లావు కదిలింది. దాని వెనక మూడువందల పశువులు కదిలాయి.

పొలిమేర దగ్గర కట్టయ్య కర్ర కోసం చెయ్యి చాచాడు.

"ఇగ చాలు, ఇంటికి పో. అమ్మకు, పిల్లలకు ఎవరు వండిపెడ్తరు?"

అందరూ నా వైపే చూస్తున్నారు. భయం లేదంటే అబద్ధం. అయినా కర్ర ఇవ్వలేదు.

"అవు, ఇంటికాడ ఒకరుండాలె" అన్నాను. "నేను పోతే మంద ఆగుతది. నువ్వు పోతే ఏదీ ఆగదు. నువ్వే పో."