అక్క నుదుటి ముడతలు

నేను పనిచేసే స్కిన్ క్లినిక్‌లో ముడతల ఇంజెక్షన్ కోసం వచ్చేవాళ్ళు డాక్టరమ్మ కంటే ముందు నన్ను దాటాలి. ఒక ప్రశ్నల కాగితం ఉంటుంది. కడుపుతో ఉన్నారా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, ఈమధ్య యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేయించుకున్నారా, ఇలా పదమూడు. పైకి చదివి, ఎదుటివాళ్ళ నోటితో జవాబు చెప్పించి, అప్పుడు టిక్కు పెట్టాలి. ఎనిమిదేళ్ళుగా ఆ పని నాదే. దాచేవాళ్ళని ఇట్టే పట్టేస్తాను, అక్కడికక్కడే దులిపేస్తాను కూడా. "ఇది పౌడరు కాదమ్మా, నచ్చకపోతే కడుక్కోడానికి. మూడు నాలుగు నెలలు ఆ కండరం సరిగ్గా కదలదు. ఉన్నదున్నట్టు చెప్పండి," అంటాను. నాకు నోరెక్కువని పేరు, పని పక్కాగా చేస్తానని కూడా పేరు. ఆ రెండో పేరు చూసుకుని తెగ మురిసిపోయేదాన్ని.

మా అక్క ఒక హోటల్లో రిసెప్షనిస్టు. నుదుటి మీద అడ్డంగా నాలుగు గీతలు. కొత్త మేనేజరు నలుగురి ముందు, "అలసిపోయినట్టున్నారు మేడమ్, ఇక లోపలి పని చూసుకుంటారా?" అన్నాడట. మర్నాడే నాకు ఫోన్ చేసింది.

"నలభై ఆరేళ్ళకే ముసలమ్మనైపోయానే. ఆ గీతలు తీయించవే."

"ఇన్నాళ్ళకి తెలివొచ్చింది. మంగళవారం రా, ఖాళీగా ఉంటుంది," అన్నాను.

వచ్చింది. మా అక్క, మా అక్క అని క్లినిక్ అంతా తిప్పి చూపించాను. బావ గురక గురించి అది కథలుకథలుగా చెబుతుంటే, నేను నవ్వుకుంటూ కాగితం మీద వరసగా 'లేదు', 'లేదు' అని టిక్కులు పెట్టుకుంటూ పోయాను.

"నన్నేమీ అడగవా?" అంది.

"నీ గురించి నాకు తెలియనిదేముంది? సంతకం పడెయ్," అన్నాను. పడేసింది.

ఆ కాగితంలో పదకొండో ప్రశ్న ఇది: సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోతాయా, ఒక వస్తువు రెండుగా కనబడుతుందా, నమలడం, మింగడం కష్టంగా ఉంటుందా?

రెండేళ్ళుగా మా ఇళ్ళల్లో అందరూ అక్కని నిద్రమొహం అంటారు. చీకటి పడకముందే దాని రెప్పలు సగం వాలిపోతాయి. ఆ పేరు పెట్టింది నేనే. తింటూ తింటూ దవడలు లాగుతున్నాయని కంచం పక్కకి పెడితే, "నమలడానికి కూడా బద్ధకమేనా నిద్రమొహమా" అని అందరినీ నవ్వించిందీ నేనే. ముక్కూమొహం తెలియనివాళ్ళని రోజూ అడిగే ప్రశ్న మా అక్కకే సరిపోతుందని నా బుర్రకి తట్టలేదు.

ఇంజెక్షన్ అయ్యాక జాగ్రత్తలు మాత్రం ఒక్కటీ వదలకుండా చెప్పాను. నాలుగు గంటలు పడుకోవద్దని, నుదురు రుద్దొద్దని, ఫలితం కనబడటానికి నాలుగైదు రోజులు పడుతుందని. ఐదోరోజు పొద్దున బావ దాన్ని చెయ్యిపట్టుకుని నడిపించుకొచ్చాడు. రెండు రెప్పలూ దిగిపోయి ఉన్నాయి. తల వెనక్కి వంచి, కింది సందులోంచి చూస్తోంది. మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తున్నాయట.

డాక్టరమ్మ పరీక్ష చేసింది. ఆసుపత్రిలో నరాల డాక్టరుకి అప్పటికప్పుడు ఫోన్ చేసి, మా వైపు తిరిగింది.

"మీకు ముందునుంచే కండరాలు నీరసపడే జబ్బేదో ఉన్నట్టుంది. రెప్పలు వాటంతటవి లేవక, ఇన్నాళ్ళూ నుదుటితో పైకి లాగుతూ వచ్చారు. ఆ ముడతలు అందుకే పడ్డాయి. ఇప్పుడు నుదురూ పనిచేయకుండా చేశాం. ఆలస్యమైతే ఊపిరికే ఇబ్బంది రావచ్చు, ఇక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి." కాగితం తీసి చూసింది. "ఇక్కడ లేదని ఉందే. ఈవిడ మిమ్మల్ని అడిగిందా?"



"అడిగిందండీ. నేనే లేదన్నాను," అంది అక్క. మాట ముద్దముద్దగా వస్తోంది.

"దాచారన్నమాట. చేజేతులా ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. చదువుకున్నవాళ్ళే ఇలా చేస్తే ఎలాగమ్మా?"

"తప్పయిందండీ," అంది అక్క. బావ దానివైపు కోపంగా చూశాడు. నేను పక్కనే నిలబడి వింటున్నాను. నా ఉద్యోగం గుర్తొచ్చింది, పక్కా మనిషినన్న పేరు గుర్తొచ్చింది. నా తోడబుట్టింది తిట్లు తింటుంటే, అందరినీ దులిపేసే నేను నోరు మెదపలేదు. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

'జబ్బు లక్షణాలు పేషెంటే దాచారు, ఎప్పటినుంచో తెలియదు' అని డాక్టరమ్మ ఆసుపత్రికి ఉత్తరం రాసి, సంతకం చేయమని అక్క ముందుకు జరిపింది. అక్క ఒక వేలితో రెప్ప పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో పెన్ను కాగితం మీద ఆడిస్తూ చోటు కోసం వెతుక్కుంటోంది.

"పెట్టకక్కా," అన్నాను. "నేను అడగలేదండీ. దానికి రెండేళ్ళుగా ఉంది. చూస్తూ, పేరు పెట్టి ఆటపట్టిస్తూ ఉన్నాం. ఆ టిక్కులన్నీ నేనే పెట్టేశాను."

"ఊరుకోవే," అంది అక్క.

డాక్టరమ్మ ఉత్తరం వెనక్కి లాక్కుని, 'రెండేళ్ళుగా' అని దిద్దింది. ఆ తర్వాత నావైపు చూసి, "ఇలా ఎంతమందిని అడక్కుండా రాశావు?" అంది.

నిజంగానే లెక్క వేసుకున్నాను. ఇంకొక్కరు కూడా లేరు.

"అందరినీ అడిగానండీ," అన్నాను. "మా అక్కనొక్కదాన్నే అడగలేదు."

అన్ని తిట్లు తిన్నప్పుడు చలించని అక్క, ఆ మాట విని ఏడవడం మొదలుపెట్టింది.