ఔనన్న నోరు

"చలేసి జ్వరం వస్తోందా?" అని డాక్టరు రవికుమార్ తలెత్తకుండానే అడిగాడు.

"ఔను బాబూ," అంది సోములమ్మ.

వణుకు ఉందా అంటే ఔనంది. తలనొప్పి ఉందా అంటే దానికీ ఔనంది. నిజానికి ఆమెకు వణుకూ లేదు, తలనొప్పీ లేదు. రెండు రోజులుగా మోకాళ్లు, మోచేతులు విరిచేస్తున్నట్టు నొప్పి. జ్వరం ఆ తర్వాతే తగిలింది. ఆ సంగతి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. వరండాలో ఇంకా నలభై మంది ఉన్నారు. వేలి రక్తం తీసి చేసిన కిట్టు పరీక్షలో మలేరియా తేలకపోయినా, ఏజెన్సీ జ్వరానికి వేరే పేరెందుకన్నట్టు ఆయన మళ్లీ మలేరియా బిళ్ళలే రాశాడు.

అనంతగిరి కొండల్లో ప్యాంటు వేసుకున్నవాడి మాట కాదనడం తప్పు. ఒకప్పుడు ఫారెస్టు గార్డు ముందు కాదన్నవాడి గొడ్డలి పోయేది, కొండమీది పోడు చేనూ పోయేది. ఆ భయమే ముదిరి ముదిరి మర్యాదైంది. తాతలు పడ్డ దెబ్బకు మనవలు ఇప్పటికీ తలూపుతున్నారు.

రెండేళ్ల కిందట ఇదే డాక్టరు ముందు, అదే బల్ల మీద సోములమ్మ తమ్ముడు బుధు కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ల గుంటడు. వాడి తరఫున ఔనన్నది కూడా సోములమ్మే. మూడుసార్లు బిళ్ళలు మింగాడు. నాలుగోసారి ఆసుపత్రికి మోసుకొస్తుంటే దారిలోనే పోయాడు.

ఇప్పుడు ఆమెకూ అదే వరస. ఏడాదిలో ఇది మూడోసారి. కళ్లు పచ్చబడ్డాయి, వేళ్లు వాచి కాఫీ పండు కోయలేకపోతోంది. తానూ తమ్ముడి దారినే పోతే నాలుగేళ్ల కూతురి గతేమిటన్న దిగులు ఆమెను నొప్పికన్నా ఎక్కువగా తినేస్తోంది.

బిళ్ళలు అయిపోయినా నొప్పి తగ్గకపోయేసరికి భర్త జగదీష్ ఆమెను ఫల్గుణ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆకుమందూ మంత్రమూ తెలిసిన ముసలాయన. చుట్టుపక్కల ఊళ్లన్నీ గురువంటాయి. ఆయన ముందు కూర్చోగానే సోములమ్మకు ఎక్కడలేని మాటలూ వచ్చాయి. నొప్పి మొదట ఏ కీలులో పుట్టిందో, వానలో తడిస్తే ఎలా ఎక్కువవుతుందో, బుధుకి చిన్నప్పటినుంచీ ఎలా ఉండేదో, అన్నీ వరసగా చెప్పింది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా చెబుతూనే ఉంది. గురువు దగ్గర దాస్తే దేవతకు కోపమొస్తుందని అక్కడి నమ్మకం.

అంతా విని ముసలాయన బలికి కోడిని తెమ్మనలేదు, సోదె చూడ్డానికి బియ్యం చల్లలేదు.

"ఇది నా సేతిలో పని కాదమ్మా. ఇదంతా డాక్టరుబాబుకి సెప్పినావా?"

"ఆయన అడగలేదు తాతా."

"నాకాడ ఇంత సెప్పినావు, ఆయనకాడ ఔను తప్ప ఏటీ సెప్పలేదా? ఆయన నీ వొంట్లో దూరి సూడగలడేటి? సదువు ఆయనకి తెలుసు, నొప్పి నీకు తెలుసు. రెండూ కలిస్తేనే గదే వైద్యం. బేగి ఎల్లు. కాదనాల్సిన కాడ కాదను."

మర్నాడు డాక్టరు మళ్లీ ఆ ప్రశ్నలే మొదలుపెట్టాడు. ఔననమని జగదీష్ మోచేత్తో పొడిచాడు. సోములమ్మ ఆ చేతిని పక్కకు తోసింది.

"కాదు బాబూ," అంది.

డాక్టరు మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "మరి నువ్వే చెప్పు ఏం జబ్బో," అన్నాడు విసుగ్గా.

"జబ్బు పేరు నాకు తెలవదు. నొప్పి ముందొత్తది, జ్వరం ఎనకొత్తది. వణుకు లేదు. ఈ బిళ్ళలు మూడుసార్లు మింగినాను. నా తమ్ముడూ ఇలాగే మింగి సచ్చిపోనాడు. రక్తానికి ఇంకో పరీక్ష ఏదైనా ఉంటే రాయండి. రాసేదాకా నేను లేవను."

ఆమె బల్ల వదల్లేదు. తమ్ముడి మాట వినగానే డాక్టరు కలం ఆగింది. ఆమె కనురెప్ప కిందికి లాగి చూశాడు, వేళ్లు పట్టుకుని చూశాడు. తర్వాత కొత్త కాగితం తీసి పరీక్ష రాశాడు.

వారానికి జబ్బు పేరు తెలిసింది. సికిల్ సెల్. రక్తకణాలు కొడవలిలా వంకరపోయి రక్తనాళాల్లో దారి మూసేస్తాయట. పుట్టుకతో వచ్చేది, అంత తేలిగ్గా పోయేది కాదు. రోజూ మందు వేసుకుంటూ జాగ్రత్తగా ఉంటే బతుకు సాగుతుంది. కూతురికీ పరీక్ష చేయించమన్నాడు డాక్టరు.

"మీ తమ్ముడి జబ్బప్పుడే నువ్వు ఇవన్నీ చెప్పుంటే..." అని మొదలుపెట్టి, ఆ మాట తనకే గుచ్చుకున్నట్టు ఆగిపోయాడు. "నేనైనా అడగాల్సింది," అన్నాడు తల దించుకుని.

సోములమ్మ ఏడ్చింది. తనకు మందు దొరికినందుకు కాదు. ఇంత చిన్న మాట రెండేళ్ల ముందు తన నోట రానందుకు.

చదువరులారా, వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా ఏదీ దాచకూడదని పెద్దలు ఊరికే అనలేదు. వినడం వైద్యుడి ధర్మం, నిజమే. ఆయన వినకపోతే వినేదాకా చెప్పడం రోగి హక్కు. మర్యాదకు ఔనన్న నోరు బుధుని తిరిగి తేలేదు.