ఎవరూ పుట్టని లంక

ఊరన్నాక జనం పుట్టాలి, పోవాలి. రెల్లులంకలో పోవడమే గాని పుట్టడం లేదు. ఈ సంగతి 1981 ఫిబ్రవరిలో జనాభా లెక్కలకి వెళ్లినప్పుడు బయటపడింది.

రాజోలు అవతల, గోదావరి పాయల మధ్య ఉన్న చిన్న లంక అది. పడవ దిగితే ముందు రెల్లు, తరవాత కొబ్బరిచెట్లు, ఆ వెనక ఓ పాతిక ముప్పై గడప, తాటాకు చర్చి. లెక్కలు రాయడానికి మేష్టర్లని వేస్తారు గనక నన్నూ వేశారు. ఆ మారుమూల లంక నాకు పడిందని తోటి మేష్టర్లు నవ్వారు. నేను లోలోపల సంతోషించాను. పరాయివాళ్ల సంగతులంటే నేను చెవి కోసుకుంటాను. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది.

పుట్టిన ఊరు అందరినీ అడగక్కర్లేదు, కొన్ని ఇళ్లలో అడిగితే చాలు. నేను ఊరుకుంటానా? గడపగడపకీ అడిగాను. ఒకరు అల్లవరం అన్నారు, ఒకరు అంతర్వేది, ఇంకొకరు కొత్తపేట. కోడళ్లంటే సరే, బయటినించి వస్తారు. మగాళ్లకేమొచ్చింది? నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలకేమొచ్చింది? తాతల నాడు రెల్లు నరికి కట్టుకున్న ఊళ్లో, ఆ ఊళ్లో పుట్టిన మనిషి ఒక్కడూ లేడు!

ఊళ్లో పెద్ద గొంతున్న మనిషి కృపమ్మగారు. ఆవిడ అరుగు మీద కూచుని అడిగేశాను.

"మా లంకలో పురుడు పొయ్యకూడదండి," అంది. "ఏడో నెల రాగానే ఏరు దాటించేస్తాం. పుట్టిల్లు లేకపోతే చుట్టాలింటికి. ఆయ్."

"ఎందుకండీ?"

"మొదట ఇక్కడ రెల్లు కొట్టిన దానంగారి భార్య మరియమ్మ ఇక్కడే కందండి. గోదారి పొంగి ఉంది. పడవ లేదు, మంత్రసాని లేదు. తల్లీ పోయింది, బిడ్డా పోయేడు. ఈ మట్టి మీద పుట్టిన బిడ్డ బతకదండి."

"నేను వెళ్లనత్తయ్యా," అంది తలుపు చాటునించి ఓ గొంతు.

కోడలు లీలావతి. నెలలు నిండుతున్నాయి. ఏడో నెలనించీ ఏదో ఒక వంక పెట్టి ఆగిందట. తల్లీ తండ్రీ లేరు. మొదటి కాన్పుకి పినతల్లి ఇంటికి పంపితే, పచ్చి బాలింతరాలని కూడా చూడకుండా ఆవిడ బిందెలతో నీళ్లు మోయించింది. మళ్లీ ఎల్లుండి అక్కడికే ప్రయాణం.

"ఏట్లోనన్నా దూకుతాను గాని ఆ గుమ్మం తొక్కను," అంది. కళ్లనిండా నీళ్లు.

నాకు జాలేసింది. దాంతోపాటు కుతూహలమూ పెరిగింది. ఈ కథ కళ్లారా చూసినవాళ్లెవరు? ఆ కాలం మనుషులెవరైనా ఉన్నారా?

"ఇశ్రాయేలుగారున్నారు," అంది కృపమ్మగారు. "దానంగారు పెంచుకున్నాయన. మరియమ్మ చెల్లెలి కొడుకు. డెబ్భై దాటేయి."

వెళ్లేసరికి ఆయన కొబ్బరిపీచుతో తాడు పేనుకుంటున్నారు. నా వెనక కృపమ్మగారు, వద్దన్నా వినకుండా ఆవిడ వెనక లీలావతి. పుట్టిన ఊరడిగాను.

"అంతర్వేదండి."

"మరియమ్మగారి బిడ్డని ఎక్కడ పాతిపెట్టారో తెలుసాండీ?"

అడక్కూడని ప్రశ్నే. నా నోరు ఆగదు. ఆయన చేతిలో తాడు ఆగిపోయింది. లీలావతి వంక చూశారు.

"ఈ పిల్లనెందుకు తెచ్చేరు?"

"నేనే వచ్చేను తాతయ్యా. ఎల్లుండి నన్ను పంపేస్తున్నారు."

ఆయన తాడు పక్కన పెట్టేశారు.

"మేష్టారండీ, అంతర్వేది కొట్టెయ్యండి," అన్నారు. "బిడ్డని పాతిపెట్టలేదండి. వరద తీశాక మా అమ్మమ్మ అంతర్వేది పట్టుకుపోయింది. నేను కాస్త పెద్దయ్యాక మా నాన్న తెచ్చుకుని, మరదలి కొడుకని చెప్పేడు. తల్లిని మింగినోడని నన్నెవరూ అనకూడదని. నాకూ అలా అనిపించుకోవాలంటే భయమేనండి. ఆ బిడ్డని నేనే. ఇక్కడే పుట్టేను."

కృపమ్మగారు మండిపడింది. "అయితే మమ్మల్నందరినీ ఉత్తినే ఏరు దాటించేరా!" ఆవిడ కోపం న్యాయమే. ప్రతి కాన్పుకీ కడుపు పట్టుకుని పడవెక్కిన మనిషి.

లీలావతి మాత్రం ఆయన పక్కన కూలబడి నవ్వింది. "బతికే ఉన్నారన్నమాట," అంది. ఆ పిల్ల ఎల్లుండి ప్రయాణం ఆగిపోయింది.

మార్చి ఒకటిన మళ్లీ ఆ లంకకి వెళ్లాను. ఆ రోజు పొద్దు పొడిచేలోగా పుట్టినవాళ్లని లెక్కలో కలపాలి, పోయినవాళ్లని తీసెయ్యాలి. పడవ ఎక్కిన దగ్గర్నించీ నాకు భయమే. నా పాడు కుతూహలం వల్ల ఆ పిల్లకేమైనా అయితే?

రేవులో ఇశ్రాయేలుగారు నిలబడి ఉన్నారు. కలపాలా, తియ్యాలా అని అడగడానికి జన్మలో మొదటిసారి నాకు నోరు పెగల్లేదు.

"రాజోలునించి నర్సమ్మగారిని ముందే తెచ్చి కూచోబెట్టేమండి," అన్నారాయన. "ఆడపిల్ల. మొన్న పుట్టింది. తల్లి బాగుంది. మా అమ్మ పేరు పెట్టేరు."

నేను పెన్ను తీశాను. పుట్టిన ఊరు అడగకుండానే ఆయన చెప్పారు.

"మా ఊరేనండి. ఇప్పుడు మేమిద్దరం."